పెరీరా దొర ఆఖరి సీసా

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫైర్‌మన్ ఎర్రయ్యకు రెండు గొప్పలుండేవి. ఒకటి మీసం, రెండోది చెయ్యి. మీసం ఎలాగూ అందరికీ కనబడుతుంది కాబట్టి దాని గురించి పెద్దగా చెప్పుకునేవాడు కాదు. చెయ్యి సంగతి మాత్రం అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. "నా సెయ్యి వొణకదురా. ఇంజిను ఎగిరెగిరి పడతన్నా వొణకదు," అనేవాడు. వినేవాళ్ళకు విసుగు పుట్టేది గానీ కాదనడానికి వీల్లేదు. నిజంగానే ఆ చెయ్యి వణికేది కాదు.

చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి మేనమామ వెంటబడి వచ్చిన మనిషి. ముందు ఇంజిన్లు తుడిచే పనిలో చేరాడు. ఆ మసిలోనే మీసం మొలిచింది. తర్వాత పార చేతికొచ్చింది. బొగ్గు వెయ్యడం అంటే కొలిమిలోకి విసిరెయ్యడం కాదనీ, మంట ఎక్కడ పల్చబడిందో చూసి అక్కడే పడెయ్యాలనీ తెలిసిన తర్వాత డ్రైవరు పెరీరా దొర ఇంజిను మీద వేశారు. అక్కణ్ణించి ఇద్దరూ ఒకే ఇంజిను మనుషులయ్యారు.

పెరీరాను దొర అనడం అలవాటే తప్ప, రంగులో ఎర్రయ్య కంటే ఒక వాసి ముదురే. తండ్రి గోవా వాడు. తను పుట్టింది వాల్తేరులో. చర్చిలో ప్రార్థన ఇంగ్లీషులో చేసేవాడు, ఇంజిను మీద తిట్లు తెలుగులో తిట్టేవాడు. ఆ తిట్లు వింటే చీపురుపల్లి సంతలో నిలబడినట్టుండేదని ఎర్రయ్య మురిసిపోయేవాడు. తిట్టించుకుని మురిసిపోయిన మనిషిని మరొకణ్ణి ఆ షెడ్డు చూడలేదు.

ఒకసారి కట్నీ బండి తీసుకుని కొండ ఘాటు ఎక్కుతున్నారు. ఇంజిను అటూ ఇటూ ఊగిపోతోంది. ఎర్రయ్య అంచుదాకా టీ పోసిన మగ్గు తెచ్చి దొర చేతికిచ్చాడు. ఒక్క చుక్క ఒలకలేదు. పెరీరా మగ్గు వంక చూశాడు, ఎర్రయ్య చేతి వంక చూశాడు.

"ఎర్రయ్యా, ఆదివారం మా ఇంటికి రా. నీ సెయ్యితో పనుంది," అన్నాడు.

పని ఏమిటంటే ఒక సీసా మూత తియ్యడం. ఈ మాత్రం దానికి పిలవాలా అనుకున్నాడు ఎర్రయ్య. కానీ అది మామూలు సీసా కాదు. పెరీరా మామగారు విశాఖపట్నం వచ్చే ఓడల్లో భోజనాల సరంజామా చూసేవాడట. కూతురు రోజీ పెళ్ళికి ఒక కర్రపెట్టె నిండా పోర్టు వైన్ సీసాలు ఇచ్చాడు. పోర్చుగల్ దేశపు ద్రాక్షసారాయి. అప్పటికే ఎన్నో ఏళ్ళు నిలవున్నది. ఏటా పెళ్ళిరోజున ఒక సీసా తియ్యాలని మొగుడూ పెళ్ళాం అనుకున్నారు. మొదటి ఏడు పెరీరా తనే తీశాడు. పగలంతా ఇంజిను రెగ్యులేటరు పట్టిన చెయ్యి, సాయంత్రం విస్కీ గ్లాసు పట్టిన చెయ్యి, ఎలా ఉంటుంది మరి! అడుగున పేరుకున్న మడ్డి అంతా లేచి, వచ్చిన చుట్టాలకు ఇటుకపొడి కలిపిన నీళ్ళలాంటిది పోశాడు. రోజీ, అదే షెడ్డు జనమంతా పిలిచే రోజీ అమ్మ, మొగుడితో వారం రోజులు మాట్లాడలేదు.

"పాత సరుకు గదరా, అడుగున మడ్డి కడతాది. అది లేవకూడదు. నిన్ననే సీసా నిలబెట్టీసినాను. ఇప్పుడు నువ్వు దాన్ని ఊపకుండా, ఆపకుండా, ఒకే ధారగా ఈ గాజు కూజాలోకి వొంపాల. మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపీయాల," అన్నాడు పెరీరా.

"లోపలున్న మడ్డి నాకెలగ కనబడతాది బావూ? సీసా నల్లగుంది గదా?"

పెరీరా ఒక కొవ్వొత్తి వెలిగించి సీసా మెడ వెనకాల పెట్టాడు. ఎర్రయ్యకు వెంటనే అర్థమైపోయింది. బాయిలర్లో నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజుగొట్టం ఇంజిను మీద ఉంటుంది. చీకట్లో దాని వెనకాల దీపం పెట్టి చూడటం ఫైర్‌మన్‌కు ఊపిరి తీసినంత అలవాటు. "ఓస్, ఇదా!" అని సీసా అందుకున్నాడు. వంపాడు. దీపం వెలుగులో ఎర్రగా, నిర్మలంగా జారింది. సన్నని నల్ల పోగు మెడలోకి రాగానే చెయ్యి ఎత్తేశాడు. కూజా చూసి రోజీ అమ్మ చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి ఎర్రయ్య చేతి గొప్పకు ఇంకో ఆధారం దొరికింది. షెడ్డులో జనం పని ఇంకా కష్టమైంది.

తర్వాత పెరీరా ఒక చిన్న గ్లాసులో కొంచెం పోసి ఎర్రయ్యకిచ్చాడు. ఎర్రయ్య సన్యాసేం కాదు. ఈ దేశంలో దొరికే ఇప్పసారా రుచి బాగా ఎరిగినవాడే. తల వెనక్కి వాల్చి ఒక్క గుటకలో మింగేశాడు.

"ఇదేటి బావూ, బెల్లంపాకంలో సారా పోసినట్టుంది?"

పెరీరా నెత్తి కొట్టుకున్నాడు. "అలగ మింగీడం కాదురా! ముందర ముక్కుకి పెట్టు. ఏటి వాసనొత్తందో నింపాదిగా సూడు. తరవాత కొంచెం నాలిక మీద పోసుకుని ఉంచు. తొందరేటి, బండేటైనా ఎల్లిపోతందా?"

రెండోసారి ఎర్రయ్య బుద్ధిగా వాసన చూశాడు. పాత చింతపండు. ఎండుద్రాక్ష. దాని వెనకాల మిరియం. ఆఖరున వాళ్ళమ్మ చీరలు దాచుకునే భోషాణం తెరిచినప్పుడు వచ్చే కర్ర వాసన. ఆ వాసనకు చటుక్కున కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సారాకి కళ్ళు మండాయని బుకాయించాడు.

"మరి తీపెలగొచ్చింది?" అన్నాడు ఎర్రయ్య మాట మార్చడానికి.

"ద్రాచ్చరసం పులుస్తన్నాది సూడు, దాన్లో తీపి సచ్చిపోకముందే బ్రాందీ పోసీత్తారు. దాంతో పులవడం ఆగిపోద్ది. తీపి అలగే ఉండిపోద్ది, బలమూ ఉండిపోద్ది. తరవాత సీసాలో పెట్టి మర్చిపోవాల."

"ఎన్నాల్లు?"

"అదే కష్టం. ఇంట్లో ఉందని తెలిసీ మర్చిపోవాల."

ఇక వడ్డన. దానికో పద్ధతుంది. పెద్దదొరల బంగళాల్లో కూజా యజమాని దగ్గర మొదలై అతని ఎడమచేతి పక్కనున్నవాడికి, అక్కణ్ణించి వాడి ఎడమ పక్కవాడికి, అలా బల్ల చుట్టూ తిరిగి మళ్ళీ యజమాని దగ్గరికే రావాలి. వెనక్కి పోకూడదు, మధ్యలో ఆగకూడదు. "మనం డ్రైవర్లమే, అయితేటి? లాటుగారి బల్ల మీద ఎలగ తిరుగుద్దో మన బల్ల మీదా అలగే తిరగాల," అని పెరీరా పంతం. అతిథులు తమలో తాము అందించుకుంటే విస్కీ తాగిన చేతులతో ఒలకబోస్తారని, కూజా పట్టుకుని కుర్చీల వెనకాలగా తిరిగి పొయ్యడం ఎర్రయ్యకు అప్పగించాడు.

ఎర్రయ్య ఒక చుట్టు తిరిగి వచ్చి, బల్ల తన కుడిచేతి వైపున ఉండటం గమనించాడు. "అంటే ప్రదచ్చినమే గదా బావూ! గుల్లో తిరిగినట్టే!" అన్నాడు. పెరీరా ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ఆ ఏడంతా కనబడిన ప్రతివాడికీ, తమ ఇంగ్లీషు మర్యాద సింహాచలం గుడి మర్యాద ఒకటేనని చెప్పాడు.

అలా ఏటా ఒక సీసా. బిలాస్‌పూర్ ఎండాకాలం మనుషుల్నే వేపుతుంది, ఇక ద్రాక్షసారాయి ఒక లెక్కా? అర్పా నది నుంచి ఇసుక తెచ్చి, దొర క్వార్టర్లో చీకటి కొట్టుగదిలో నీళ్ళ కుండల కింద పోసి, ఆ తడి ఇసుకలో సీసాల్ని పడుకోబెట్టారు. ప్రతి సీసా మీదా ఒకవైపు సున్నం బొట్టుండేది. ఆ బొట్టు ఎప్పుడూ పైకే ఉండాలి, పక్కకి దొర్లితే మడ్డి కదిలిపోతుంది. వేసవిలో ఎర్రయ్య డ్యూటీ దిగి ఇంటికి పోయేముందు ఆ గదిలోకి వెళ్ళి ఇసుక తడి చూసి పోయేవాడు. అది చూసి అతని భార్య అచ్చియమ్మకు ఒళ్ళు మండేది. "ఇంట్లో పిల్లలు పడుకున్నారో నేదో సూడ్డు గానీ సీసాలు పడుకున్నాయో నేదో సూసొత్తాడు," అని వాకిట్లో అందరికీ వినబడేట్టు అనేది.

పెళ్ళిరోజు భోజనాలయ్యి, అతిథులు వెళ్ళిపోయాక, కూజాలో అడుగున మిగిలింది ఇద్దరూ వెనక మెట్ల మీద కూచుని తాగేవాళ్ళు. ఆ కాసేపూ డ్రైవరూ ఫైర్‌మనూ లేరు. ఇంజినుమీద అరుచుకోవడం తప్ప మాట్లాడుకోవడం ఎక్కడ కుదురుతుంది? ఆ మెట్ల మీదే ఎర్రయ్య తన పోయిన కొడుకు గురించి చెప్పాడు. ఆ మెట్ల మీదే పెరీరా, తమకు పిల్లలు పుట్టలేదని రోజీ ఎవరూ చూడకుండా ఏడుస్తుందని చెప్పాడు. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ మాట ఎవరూ అనలేదు, అనే అవసరమూ రాలేదు.

మొదటి ప్రపంచయుద్ధం అయిపోయే వేళకు ఇసుకలో ఒక్క సీసాయే మిగిలింది.

అప్పుడే ఆ మాయదారి జ్వరం వచ్చింది. ఊరూరా మనుషులు రాలిపోయారు. తోర్వా శ్మశానంలో కట్టెలు దొరకలేదంటారు. ఎర్రయ్య ఒళ్ళు తెలియకుండా పడిపోయాడు. ఫైర్‌మన్ లేకుండా బండి ఆగదు కదా, పెరీరా వేరే మనిషిని ఎక్కించుకుని ఖరగ్‌పూర్ వైపు బండి తీసుకెళ్ళాడు. అక్కడ దిగి అదే జ్వరంతో పడ్డాడు, పడినవాడు లేవలేదు. ఇక్కడ రోజీ కూడా మంచంలోనే ఉంది. కబురు అందేసరికే అక్కడ పూడ్చిపెట్టేశారు. ఎర్రయ్య కర్ర పట్టుకుని షెడ్డుకు నడిచి వెళ్ళిన రోజున వాళ్ళ ఇంజిను మీద మరో డ్రైవరు ఉన్నాడు. ఎర్రయ్య కాసేపు నిలబడి చూసి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆఖరి చూపు దక్కలేదు. ఇన్నేళ్ళు ఒకే మంట ముందు నిలబడ్డ మనిషికి ఒక దండమైనా పెట్టకుండా అయిపోయింది. అదొక్కటే అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది.

రోజీ అమ్మ క్వార్టరు ఖాళీ చేసి షెడ్డు వెనకాల చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. పిల్లలకు గౌన్లు కుట్టి బతకసాగింది. సామానంతా బండిలో వెళ్ళింది, సీసా మాత్రం వెళ్ళలేదు. బండిలో కుదుపులని ఎర్రయ్య ఒప్పుకోలేదు. తడిగుడ్డలో చుట్టి, సున్నం బొట్టు పైకి ఉండేట్టు రెండు చేతుల మీద పడుకోబెట్టుకుని నడిచాడు. దారిలో కూరలమ్మే ముసలిది, "కాకర లఇకా ఏ?" అంది, ఎవరి బిడ్డ అని. ఎర్రయ్య సీసా మీంచి కళ్ళు తిప్పకుండా నడుచుకుంటూ పోయాడు.

రోజీ అమ్మ ఏడవలేదు. ఆ ఏడాది పొడుగునా ఆమె కంట తడి ఎవరూ చూడలేదు. పెరీరా బూట్లకు పాలిష్ పెట్టి గుమ్మం దగ్గర ఉంచేది. "ఆయనకి ఈ కూర పడదు," "ఆయన కిటికీ తలుపు వేస్తే ఊరుకోరు," అనేది. ఎప్పుడో వెళ్ళిన బండి ఇంకా రాలేదన్నట్టు ఉండేది ఆ మాట. ఎవరూ సరిదిద్దలేదు. సరిదిద్దే నోరు ఎవరికుంది?

ఏడాది తిరిగాక పెళ్ళిరోజు వచ్చింది. రోజీ అమ్మ ఎర్రయ్యను పిలిపించింది.

"ఆదివారం మధ్యాహ్నం భోజనాలు. డ్రైవరు రాబిన్సన్ గారూ వాళ్ళావిడా, గార్డు ఫ్రాన్సిసూ వాళ్ళావిడా వస్తారు. ఆ సీసా తియ్యి. అంతా ఎప్పుడూ చేసినట్టే చెయ్యాలి ఎర్రయ్యా. ఏదీ మారకూడదు. అచ్ఛా?"

"అలగే అమ్మగారూ," అన్నాడు ఎర్రయ్య.

ఇంటికొచ్చి అచ్చియమ్మతో చెప్పాడు. అచ్చియమ్మ బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగింది.

"ఇదే ఆఖరి సీసా గదా మావా?"

"ఊఁ."

"అంటే దొరకి నువ్వు సేసీది ఇదొక్కటే."

"అదే నానూ అనుకుంటన్నాను. నాకిది తప్పితే ఇంకేటీ నేదు."

"మరి ఏ పక్కనుంచి తిప్పుతావు?"

ఎర్రయ్య తలెత్తాడు. నిజానికి ఆ సంగతి దారిలోనే తోచింది. తండ్రి చితి చుట్టూ భుజాన కుండ పెట్టుకుని తిరిగినవాడు అతను. కుండకు పెట్టిన చిల్లుల్లోంచి నీళ్ళు ధార కడుతుంటే, గుడిలో తిరిగే వైపు కాకుండా రెండోవైపు తిరిగాడు. బతికున్నవాళ్ళకు ఒక వైపు, పోయినవాళ్ళకు ఒక వైపు. ఇది ఒకరు చెప్పాలా?

"అప్రదచ్చినమే," అన్నాడు.

"మరేటి! పోయినోల్లకి ఎవులైనా సవ్యంగా తిప్పుతారేటి?" అంది అచ్చియమ్మ. లోపలికి వెళ్ళి చిటికెడు నల్లనువ్వులు కాగితంలో కట్టి తెచ్చింది. "ఇయ్యి కూడా అందులో వెయ్యి."

"ఒలే, నీకు పున్నెముంటాది! మడ్డి తేలిందనుకుంటారే!" అని ఎర్రయ్య పొట్లం తిరిగి ఇచ్చేశాడు. నువ్వుల విషయంలో అంత జాగ్రత్తపడ్డ మనిషికి, తిప్పడం గురించి రోజీ అమ్మను ఒక్క మాట అడుగుదామని తోచలేదు. తనకు పొద్దు పొడిచినంత తేటగా ఉన్న సంగతి ఇంకొకరికి తెలియదని ఎలా అనుకుంటాడు పాపం! ఏదీ మారకూడదన్న మాట చెవిన పడింది గానీ, అది దీనికి కాదనుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే, వంటసాయానికి అచ్చియమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాడు. సీసా ముందురోజే నిలబెట్టి ఉంది. కొట్టుగది తలుపు వేసి కొవ్వొత్తి వెలిగించాడు. బిరడా పాతబడి పిండయిపోయింది. కొంచెం కొంచెంగా, రాలకుండా లాగాడు. సీసా మెడ తుడిచాడు. ఎత్తబోయేసరికి చెయ్యి వణికింది.

ఎర్రయ్య భయపడిపోయాడు. సీసా దించి, చేతిని మరో చేత్తో పట్టుకుని కూచున్నాడు. ఇక్కడ కాస్త కదిలితే మడ్డి లేచిపోతుంది. మళ్ళీ నిలబెట్టి తేరనిద్దామంటే పొద్దు లేదు, ఇంకోటి తీద్దామంటే మరో సీసా లేదు. దొరకి బురద పోసి పంపించిన వాణ్ణవుతానని అతనికి ఏడుపొచ్చింది. "బావూ, ఈ ఒక్కసారికి తిట్టు. తిడితే కుదురుకుంటాను," అన్నాడు చీకట్లోకి. తిట్టేవాళ్ళెవరూ లేరు. కాసేపటికి తనను తనే, పెరీరా తిట్టే పెద్ద తిట్టు ఒకటి ఎంచి, పైకే తిట్టుకున్నాడు. నవ్వొచ్చింది. చెయ్యి నిలబడింది. వంపాడు. కొవ్వొత్తి వెలుగులో వైను కాస్త వన్నె తగ్గి, ఇటుకరంగు తిరిగి, మంచినీళ్ళంత తేటగా జారింది. నల్లపోగు కనబడగానే ఆపాడు.

భోజనాలయ్యాయి. రోజీ అమ్మ పళ్ళెం ముట్టకుండానే తీసేశారు. బల్ల తుడిచి అక్రోట్లూ కేకు ముక్కలూ పెట్టారు. బల్ల మొదట్లో పెరీరా కుర్చీ, దాని ముందు ఖాళీ గ్లాసు. కుడివైపు రాబిన్సన్, అతని పక్కన ఫ్రాన్సిస్. ఎదుటి కొసన రోజీ అమ్మ. ఎడమవైపు ఆడవాళ్ళిద్దరూ. ఎర్రయ్య తలపాగా సర్దుకుని కూజా తెచ్చాడు. పెరీరా కుర్చీ వెనకాల ఒక్క క్షణం నిలబడ్డాడు. ఎప్పుడూ ఆ గ్లాసుతోనే మొదలు. ఈసారి దాన్ని వదిలేసి, రాబిన్సన్ గ్లాసులో పోశాడు.

ఎప్పుడూ అందరికంటే ఆఖరున పోయించుకునే రాబిన్సన్ ఉలిక్కిపడ్డాడు. "అరే, ఉల్టా, ఉల్టా!" అన్నాడు మెల్లిగా, ఎర్రయ్య పొరబడ్డాడనుకుని, నలుగురి ముందు చిన్నబోకుండా కాపాడదామని. ఎర్రయ్య వినిపించుకోలేదు. ఫ్రాన్సిస్‌కు పోశాడు. రోజీ అమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె గ్లాసు మీద చెయ్యి మూసేసింది.

"ఇటునుంచి వచ్చావేం?"

ఎర్రయ్య కూజా మూతి గుడ్డతో తుడిచాడు.

"వెనక్కి వెళ్ళు. ఆయన గ్లాసుతో మొదలుపెట్టు. ఏదీ మారకూడదని చెప్పానా లేదా? ఇన్నేళ్ళు చేశావు, ఈ ఒక్కరోజు నీకు చేతకాలేదా? ఆయన నీకెలా నేర్పారు?" ఆమె గొంతు కీచుమంది. బల్ల దగ్గర అందరూ తల దించుకున్నారు.

"ఆయన నేర్పింది బతికున్నోల్లకి పోసీదమ్మా," అన్నాడు ఎర్రయ్య. "పోయినోల్లకి ఎలగ తిప్పాలో ఆయన నేర్పనేదు. అది మాయమ్మోల్లు నేర్పినారు."

"ఎవరు పోయారు?"

ఎర్రయ్యకు అప్పుడు తెలిసింది తను చేసింది ఏమిటో. వెనక్కి వెళ్ళిపోతే సరిపోయేది. తప్పయిందమ్మా అని, మొదట్నుంచి మొదలుపెడితే ఆమె కోపం చల్లారేది. కానీ అలా చేస్తే తన దండం ఇక ఎప్పటికీ దొరకు చేరదు. కూజాను గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

"దొర పోనాడమ్మా," అన్నాడు.

"నువ్వు చూశావా?"

"నేదమ్మా. నానూ సూణ్ణేదు, మీరూ సూణ్ణేదు. మనిద్దరం జొరాల్లో పడుండగా ఎల్లిపోనాడు. ఇప్పటికీ షెడ్డులో ఎవులైనా తెలుగులో తిడితే, ఆయనే అనుకుని గిర్రున తిరుగుతన్నాను. మీరు బూట్లు పెడతన్నారు, నాను తిరిగి తిరిగి సూత్తన్నాను. నావల్ల కాడం నేదు తల్లీ. ఈ ఒక్క సుట్టు తిప్పనియ్యి. ఆయన్ని సాగనంపుకుంటాను."

రోజీ అమ్మ చెయ్యి గ్లాసు మీదే ఉంది. చాలాసేపు ఉంది. తర్వాత ఆ చెయ్యి జారి ఒళ్ళో పడింది. నోరు తెరిస్తే వచ్చింది ఏడుపు. ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా అతిథుల ముందే, సిగ్గూ మర్యాదా లేకుండా, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఫ్రాన్సిస్ భార్య లేవబోతే రాబిన్సన్ వద్దని సైగ చేశాడు. అతని కళ్ళూ తడిగానే ఉన్నాయి. ఎర్రయ్య కూజా ఒలక్కుండా పట్టుకుని, చెంపల మీద కారుతున్నదాన్ని తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే నిలబడ్డాడు.

కొంతసేపటికి ఆమె లేచింది. ఎర్రయ్య చేతిలోంచి కూజా తీసుకుంది. "ఇటేనా?" అని అడిగింది. అతను తలూపాడు. ఆమె తన గ్లాసులో పోసుకుని, కుర్చీల వెనకాలగా నడిచి, ఆడవాళ్ళిద్దరికీ పోసి, ఆఖరున భర్త గ్లాసు దగ్గరికి చేరింది. కొంత బల్లగుడ్డమీద ఒలికింది. ఎవరూ తుడవలేదు. అందరూ లేచి నిలబడి, గ్లాసులు ముక్కు దగ్గర పెట్టుకుని, నింపాదిగా, పెరీరాకు నచ్చేట్టుగా తాగారు.

"ఇది ఎవరు తాగాలి?" అంది ఆమె భర్త గ్లాసు చూపించి.

"ఎవులూ తాగరమ్మా. మట్టికిచ్చీడమే."

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. ఎర్రయ్య వంగి అరచెయ్యి చాపాడు. ఆమె గ్లాసు వంచింది. వైను అతని బొటనవేలి పక్కనుంచి జారి నేలలోకి ఇంకిపోయింది. ఎండకు ఆ వాసన గుప్పుమని లేచింది. ఎర్రయ్య లోపల్లోపల, "ఎల్లిరా బావూ," అనుకున్నాడు.

"ఇప్పుడేం చెయ్యాలి ఎర్రయ్యా? మీవాళ్ళు ఏం చేస్తారు?"

"ఏటీ నేదమ్మా. ఎనక్కి తిరిగి సూడకుండా ఇంట్లోకెల్లి నాలుగు ముద్దలు తింటాం. తిరిగి సూత్తే పోయినోల్లు ఎల్లనేరంటారు."

రోజీ అమ్మ తల ఊపింది. కొంగులాంటిది లేదు కనుక గౌను చేత్తో ముఖం తుడుచుకుని, వెనక్కి చూడకుండా, తిన్నగా వంటగదిలోకి నడిచింది. "అచ్చియమ్మా, నాకు కాస్త అన్నం పెట్టు," అనడం వినబడింది.

ఎర్రయ్య ఆమె వెనకే నడిచాడు. ఒక మెట్టెక్కాడు. రెండో మెట్టు మీద ఆగాడు. ఆ నియమం చెప్పిన పెద్దమనిషే, ఎవరైనా చూస్తున్నారేమోనని ఇటూ అటూ చూసి, వెనక్కి తిరిగి చూశాడు.